నూలు నాదని నేస్తం ఒప్పుకున్న రోజు

మా నేస్తం చావుబతుకుల్లో ఉందని ఫోను వచ్చినప్పుడు నేను మొదట అడిగింది, "మాట ఉందా?" అని.

"ఉన్నాది పిన్నీ. తిండి నేదు గాని మాట బానే ఉన్నాది. నిన్నే అడుగుతన్నాది. బేగి రా," అన్నాడు ఆమె కొడుకు.

పాపం, ఆ అబ్బాయి నా గొంతులో బెంగ ఉందనుకున్నాడు. బెంగే. మాట పడిపోతే నా పని చెడిపోతుందని బెంగ. ఆ నోటి నుంచి ఒక్క మాట నలుగురి ముందు బయటికి రావాలని నలభై రెండేళ్లుగా కాచుకుని కూచున్నదాన్ని నేను. చెప్పకుండా చచ్చిపోతే ఊరుకుంటానా?

మర్నాడు పొద్దున్నే విజయనగరంలో పాసింజరు ఎక్కాను. బత్తాయిలు పట్టుకెళ్లమని మా కోడలు సంచి చేతికిస్తే తిరిగి ఇచ్చేశాను. రోగి ఇంటికి ఉత్త చేతులతో వెళ్లకూడదంటారు. నేను వెళ్లాను. చీపురుపల్లిలో జనం దిగి కిటికీ పక్కన చోటు దొరికింది. అక్కడి నుంచి పొందూరు దాకా ఒకటే మాట నములుతూ కూచున్నాను. చెప్పించాలి. ఆమె కొడుకు ముందు, కోడలి ముందు, ఆ నోటితోనే చెప్పించాలి.

నేనే చెప్పెయ్యొచ్చు కదా, ఇన్నేళ్లు ఎందుకు నోరు మూసుకున్నావని ఎవరైనా అడగొచ్చు. అడిగేవాళ్లకు నేస్తం కట్టడమంటే ఏమిటో తెలిసి ఉండదు. మా ఊళ్లో స్నేహితురాలు వేరు, నేస్తం వేరు. ఇద్దరాడపిల్లలకు మనసు కలిస్తే పెద్దవాళ్లు మంచిరోజు చూసి, అమ్మవారి గుడి ముందు కూచోబెట్టి, ఒకరి చేత ఒకరికి బొట్టు పెట్టించి, కొత్త బట్టలు మార్పించేవారు. ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు. నేస్తం అనే పిలవాలి. ఆమె తల్లి నాకూ తల్లే. ఆమె పిల్లలకు నేను పిన్నిని. ఏటా గౌరీ పున్నం పండక్కి ఒకరికొకరు చీర పంపుకోవాలి. అన్నిటికన్నా గట్టి కట్టు ఇంకోటుంది. నేస్తం చేసిన తప్పును నేస్తం నలుగురిలో అనకూడదు. అంటే రెండిళ్లకూ అరిష్టం. చేసిన మనిషే తన నోటితో చెప్పుకోవాలి. టీచరు ఉద్యోగం చేసి, పిల్లలకు సైన్సు చెప్పి, ఈ అరిష్టాలేమిటని నన్ను నేనే వెక్కిరించుకున్నాను గాని, ఆ గీత మాత్రం దాటలేకపోయాను. మా అమ్మ మీద ఒట్టు వేయించారు మరి.

మాకు నేస్తం కట్టినప్పుడు నాకు పన్నెండేళ్లు, ఆమెకు పదమూడు. అప్పటికే ఇద్దరమూ రాట్నం ముందు కూచునేవాళ్లం. మాది పొందూరు పక్క ఊరు. మా ఇళ్లలో ఆడపిల్లకు అన్నం కలుపుకోవడంతో పాటు నూలు వడకడం వస్తుంది. కొండపత్తి తెచ్చి, వాలుగ చేప దవడతో గింజ మీది పత్తిని దువ్వుతాం. ఆ దవడకు రంపం పళ్లలా సన్నటి పళ్లుంటాయి. దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, అరటి దొప్పలో దాచుకుంటాం. ఆ ఏకుల నుంచి పోగు తీస్తాం. మా నేస్తానికి ఆ చేప దవడంటే అసహ్యం. "సేప వోసనేస్తంది" అని ముక్కు మూసుకునేది. ఆమె పత్తి కూడా నేనే దువ్వి పెట్టేదాన్ని. అరచెయ్యి గీసుకుపోయేది. అదేమీ నాకు కష్టమనిపించలేదు. అబద్ధమెందుకు, ఆ రోజుల్లో అదంటే నాకు ప్రాణం.

ఇద్దరికీ ఒకటే కంచం, ఒకటే దువ్వెన. ఎండాకాలం మధ్యాహ్నాలు వాళ్ల వీధి అరుగు మీద రెండు రాట్నాలు ఎదురెదురుగా పెట్టుకుని కూచునేవాళ్లం. ఆమె నోరు ఆగేది కాదు. ఊళ్లో అందరి నడకలూ, గొంతులూ చేసి చూపించేది. నేను నవ్వితే పోగు తెగేది. తెగితే నేను తిట్టేదాన్ని. "నీ పోగు తెగడం కోసరమే నవ్విత్తన్నానే" అనేది. రామతీర్థం తిరణాలకు వెళ్లినప్పుడు ఇద్దరం ఒకే రకం గాజులు వేయించుకున్నాం. నా చెయ్యి సన్నం, దాని చెయ్యి బొద్దు. గాజులమ్మేది సబ్బు రాసి దాని చేతికెక్కిస్తుంటే ఏడిచింది గాని, వేరే సైజు మాత్రం వద్దంది. "నేస్తానికి ఏ గాజో నాకూ అదే గాజు" అంది. ఇప్పుడు ఆలోచిస్తే నాకు ఒళ్లు మండుతుంది. నాది ఏదైనా తనకూ కావాల్సిందే అన్న బుద్ధి అప్పుడే ఉందన్నమాట.

నూలులో మాత్రం నాకు అది సాటి రాలేదు. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. ఉన్న మాట చెబుతున్నాను. పద్దెనిమిదేళ్లకే నా చేతికి నూరో నంబరు నూలు వచ్చేది. వెలుగులోకి ఎత్తి పట్టుకుంటే తప్ప కనిపించని పోగు. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నమన్నమాట. ముసలమ్మలు వచ్చి నా పక్కన కూచుని చూసేవారు. మా నేస్తానిది నలభై దాటేది కాదు. దానికి తొందరెక్కువ. పందొమ్మిదేళ్లకు మా ఊళ్లోనే దానికి పెళ్లయింది. అత్త గయ్యాళి. "ముతక నూలు వడికే కోడలు నా కొంపకెందుకు?" అని రోజూ దెప్పేది.

ఆ మరుసటి ఏడు, మేం నూలు ఇచ్చే ఖాదీ కేంద్రానికి పైనుంచి కబురొచ్చింది. అందరి చిలపలూ, అంటే వడికిన నూలు చుట్టలు, చూసి, అందరికన్నా సన్నం వడికిన ఒక మనిషిని ఢిల్లీలో పెద్దవాళ్ల ముందు కూచోబెట్టి వడికిస్తారట. ఊరంతా నన్నే అనుకుంది. నేనూ నన్నే అనుకున్నాను. నెలరోజులు కూచుని నాలుగు చిలపలు వడికాను. సరిగ్గా ఇచ్చే రోజుకు నాకు అమ్మోరు పోసింది. ఒళ్లంతా పొక్కులు. వేపాకు మంచం మీద పడి ఉన్నదాన్ని, గడప దాటకూడదు. మా నేస్తం కిటికీ దగ్గరకొచ్చి, "నీ సిలపలు నాకియ్యి. నావీ నీవీ కలిపి అట్టుకెల్తాను" అంది. మా అమ్మ ఇచ్చేసింది.

ఎవరి చిలప ఎవరిదో తెలియడానికి ప్రతి మనిషీ తన గుర్తు పోగు కట్టేది. నాది ఎర్ర పోగు. దానిది నల్ల పోగు. దారిలో ఎక్కడో ఏ చెట్టు కిందో కూచుని ఆ మహాతల్లి నా ఎర్ర పోగులు విప్పి తన ముతక చిలపలకు కట్టింది. తన నల్ల పోగులు నా వాటికి కట్టింది. అంతే. దానికి పట్టిన కాలం ఒక తమలపాకు నమిలేంత.

నాకు తలమీద నీళ్లు పోసిన మర్నాడే కేంద్రానికి వెళ్లాను. అక్కడి పెద్దమనిషి ఎర్ర పోగు కట్టిన చిలపలు నా ముందు పడేసి, "ఏటమ్మా ఇది, నూలా, కొబ్బరి పీసా? నీ మీద ఎంత ఆశ పెట్టుకున్నాం" అన్నాడు. తీసి చూశాను. నాది కాదు. బల్ల మీద నల్ల పోగు కట్టిన నాలుగు చిలపలు తెల్లగుడ్డ పరిచి పెట్టారు. వెళ్లి రెండు వేళ్ల మధ్య పట్టుకున్నాను. నేను కన్నది నాకు తెలియదా? పక్కకు తిరిగితే మా నేస్తం. నా మణికట్టు పట్టుకుంది. "నేస్తం, ఊరుకోయే. నీకు దణ్ణమెడతాను, ఊరుకో" అని చెవిలో అంది. చుట్టూ పదిమంది ఆడవాళ్లున్నారు. నోరు తెరవబోయాను. ఒట్టు అడ్డొచ్చింది. ఊరుకున్నాను.

ఢిల్లీ వెళ్లొచ్చింది. ఫొటో వచ్చింది. ఊళ్లో ఊరేగించారు. అత్త నోరు మూతపడింది. ఆ సాయంత్రమే నేను నా రాట్నం అటకెక్కించి, ఇక చచ్చేదాకా ముట్టనని అమ్మవారి మీద ఒట్టేసుకున్నాను. పదో తరగతి పాసై ఉన్నదాన్ని. టీచర్ ట్రైనింగులో చేరాను. ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, విజయనగరంలో స్థిరపడ్డాను. బాగానే బతికాను, ఎవరికీ తక్కువ కాలేదు. కానీ ఎవరైనా పొందూరు ఖద్దరు మాటెత్తి, "ఆ ఊళ్లో ఒకావిడ ఉందటండీ, నూరో నంబరు..." అంటే చాలు, ఆ పూట నాకు అన్నం సహించేది కాదు. చిన్నప్పుడు నా ఒళ్లో ఏకులా పడుండేది నాకే మేకై కూచుంది.

కక్ష నేను కూడా తీర్చుకున్నాను. తీర్చుకోలేదని ఎందుకు చెప్పాలి? ఏటా గౌరీ పున్నానికి అది తన చేత్తో వడికిన నూలు నేయించి చీర పంపేది. నేను మడత కూడా విప్పకుండా స్టీలు సామాన్లవాడికి వేసేసేదాన్ని. మా వంటింట్లో సగం గిన్నెలు అలా వచ్చినవే. దానికి మాత్రం బజారులో దొరికే అన్నిటికన్నా నాసిరకం మిల్లు చీర వెతికి పంపేదాన్ని. నూలు మనిషికి జారుడు పాలిస్టరు చీర! అది కట్టుకుని గుడికి వెళ్లేదట. చూసినవాళ్లు "అయ్యో, నీకిదేటి కర్మ" అంటే, "నా నేస్తం ఎట్టింది" అనేదట. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఇంకా మండేది.

ఇంటికి చేరేసరికి పదిన్నర. ముందు గదిలోనే మంచం వేశారు. గోడమీద ఆ ఢిల్లీ ఫొటో. దాని కింద రాట్నం, పక్కన అరటి దొప్పలో ఏకులు. కోడలు వడుకుతుందట ఇప్పుడు. మంచం మీద మా నేస్తం, ఆ బొద్దు మనిషి, దుప్పటి కింద ఉన్నట్టే లేదు. లివరు పాడైందట, ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నారట. ఒళ్లంతా పసుపురంగు తిరిగింది. నా గుండె ఒక్క క్షణం జారింది. జారిన మాట నిజం. వెంటనే పట్టుకున్నాను.

"వొచ్చినావా నేస్తం," అంది. "కూకో. ఏటి తెచ్చినావు?"

"ఏమీ తేలేదు. తీసుకెళ్లడానికి వచ్చాను."

అర్థమైంది దానికి. కొడుకూ కోడలూ టీ పెడతామని వెనక్కి వెళ్లారు. నేను స్టూలు దగ్గరకు లాక్కుని, గొంతు తగ్గించి చెప్పాను. "పోయేముందు చెప్పు. నీ కొడుకుని పిలిచి నీ నోటితో చెప్పు. లేదంటే నీ పీనుగ మీద నేను గుడ్డ కప్పను. నేస్తం గుడ్డ లేకుండా పోతావు. ఊరంతా ఎందుకని అడుగుతుంది. అడగనీ."

నేస్తం పోతే మొదటి కొత్తబట్ట బతికున్న నేస్తం కప్పాలి మా దగ్గర. అది లేకుండా వెళ్లిన మనిషిని లోకం ఏమంటుందో మా ఇద్దరికీ తెలుసు. చావబోయే మనిషిని బెదిరించడమేమిటి, సిగ్గు లేదా అంటారా? లేదు. ఆ పూట నాకు సిగ్గు లేదు.

అది కళ్లు మూసుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "అందుకే కదే నిన్ను రమ్మన్నాను," అంది. "ఎందుకు సేసినానో అడగవా?"

"అడగను. మీ అత్త గురించి నాకు చెప్పకు."

"సరే అయితే. ఆల్ని పిలు."

టీ గ్లాసులతో వాళ్లిద్దరూ వచ్చారు. నలభై రెండేళ్లుగా నేను మనసులో ఆడుకున్న ఘట్టం ఇది. ఎన్నిసార్లు ఆడుకున్నానో, ప్రతిసారీ కొడుకు ముఖం మాడిపోయేది, కోడలు ఫొటో దించేది.

"ఒరే, ఇను," అంది మా నేస్తం. "ఆ ఫొటో నాది కాదు. నాను ఢిల్లీ ఎల్లిన నూలు మీ పిన్నిది. గుర్తుపోగులు మార్సీసినాను. దీనికి అమ్మోరు పోస్తే, సిలపలు ఇచ్చి రమ్మంటే, దార్లో మార్సీసినాను. దొంగతనం సేసినాను. తెలిసిందా?"

కొడుకు నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఆశ్చర్యం లేదు. జాలి ఉంది. మంచం మీద కూచుని తల్లి పాదాలు నొక్కుతూ, "సరేలేవే అమ్మా, పడుకో" అన్నాడు. నాతో మెల్లిగా, "మొన్నటి నుంచి ఇలాగే పిన్నీ. మందుల మత్తు. నిన్న నన్ను పట్టుకుని మావయ్యా అన్నాది" అన్నాడు.

"మత్తు కాదు నాయనా, నిజం. మీ అమ్మ చెప్పింది నిజం," అన్నాను. ఇక అరిష్టం లేదు. చెప్పాల్సిన మనిషి చెప్పేసింది కదా.

"అదేటి పిన్నీ, నువ్వు కూడా!" అని నవ్వాడు. "నాను పుట్టిన కాడినుంచి సూస్తన్నాను. అమ్మ నూరో నంబరు వడకడం ఈ కళ్లతో సూసినాను. నీకు ఏటా ఎట్టిన సీరలు నూరో నంబరువే కదా, కట్టుకున్నావు, నీకు తెలీదా?"

నలభై చీరలు. ఒక్కదాని మడత విప్పి చూడలేదు నేను.

మా నేస్తం వైపు తిరిగాను. "ఎప్పుడే? నీకు నూరో నంబరు ఎప్పుడొచ్చింది?"

"ఢిల్లీలో అందరి ముందర కూకోబెట్టినారే," అంది. ఊపిరి తీసుకోవడానికి ఆగి ఆగి చెప్పింది. "పోగు తీత్తే ముతకే వొచ్చింది. ఆలకి తెలీలేదు, సప్పట్లు కొట్టినారు. నాకు తెలుసు కదా. ఇంటికొచ్చి కూకున్నాను. నువ్వు రాట్నం అటకెక్కించీసినావు, నాను రాట్నం కాడినుంచి లెగనేదు. ఆరేళ్లు పట్టింది నీయంత సన్నం రావడానికి. పేరు అట్టుకొచ్చీసినాను కదా, మొయ్యాల కదే."

ఇంతకన్నా అన్యాయం ఉంటుందా? దొంగ తాను ఎత్తుకుపోయిన దానికి హక్కుదారయి కూచుంది. నేను ఒట్టేసుకుని చేతులు ముడుచుకు కూచున్న ప్రతి రోజూ అది వడికింది. అదింత చెప్పినా కొడుకు తల ఊపుతూనే ఉన్నాడు, పిచ్చితల్లిని ఊరుకోబెడుతున్నట్టు. నాకు తిక్క రేగింది.

"ఆ రాట్నం ఇలా తే," అన్నాను కోడలితో. ఒట్టూ లేదు, గిట్టూ లేదు. "ఎవరి నూలో ఇప్పుడే చూపిస్తాను."

కోడలు మొగుడి ముఖం చూసి, రాట్నం తెచ్చి నా ముందు పెట్టింది. నేల మీద చతికిలబడ్డాను. మోకాళ్లు కలుక్కుమన్నాయి. కళ్లజోడు పెట్టుకున్నాను. అంతలో మంచం మీంచి, "ఫేను ఆపరా. పోగు ఎగిరిపోద్ది," అంది మా నేస్తం. ఫ్యాను ఆపారు. ఆ ఉక్కలో దాని నుదుటిమీద చెమట పట్టింది. కోడలు విసనకర్ర తీసుకోబోతే వద్దని చెయ్యి ఊపింది.

ఏకు చేతిలోకి తీసుకున్నాను. ఎంత మెత్తన! నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కుడిచేత్తో తిప్పి, ఎడమచెయ్యి వెనక్కి లాగాను. జానెడు వచ్చి తెగింది. మళ్లీ అతికించాను. మూరెడు రాకుండా తెగింది. మూడోసారి తెగలేదు. ఉండలు ఉండలుగా, ఒకచోట లావు, ఒకచోట సన్నం, చూడ్డానికే అసహ్యంగా వచ్చింది. ఇరవయ్యో నంబరు కూడా కాదు. బోర్డు మీద సుద్దముక్కతో రాసీ రాసీ గట్టిపడిన వేళ్లు నావి. పోగు ఎక్కడ జారుతోందో వాటికి తెలియడం లేదు.

"పర్లేదు పిన్నీ," అన్నాడు కొడుకు, ఎంతో మర్యాదగా. "అలవాటు తప్పిపోనాది కదా." కోడలు నా చేతిలోంచి ఏకు తీసుకుని, దొప్పలో జాగ్రత్తగా పెట్టింది. ఇద్దరూ రాట్నం ఎత్తుకుని లోపలికి వెళ్లారు. వెళుతూ ఫ్యాను వేశారు.

నేను నేలమీదే ఉండిపోయాను. ఏ మాటకోసం ఇంత దూరం వచ్చానో ఆ మాట పూర్తిగా, నా కళ్ల ముందు, ఒక్క ముక్క దాచుకోకుండా చెప్పింది. దాన్ని తిట్టడానికి కూడా నాకేమీ మిగల్లేదు. మంచం అంచు మీంచి ఒక చెయ్యి కిందికి వేలాడి నా తల మీదికొచ్చింది. ఎముకలు తప్ప ఏమీ లేవు.

"ఏడవకే నేస్తం," అంది. "ఆలు నమ్మకపోతే పోనీ. ఆ నూలు నీదని నాకు తెలుసు కదే."

ఆ చెయ్యి విసిరికొట్టబోయి గట్టిగా పట్టుకున్నాను. బడిలో అందరూ మెచ్చుకున్న నా శుభ్రమైన భాష ఎటు పోయిందో గాని, "నువ్వు పోతన్నావు కదే దొంగముండా!" అని అరిచాను. "నువ్వు పోతే ఇంక ఎవులికి తెలుస్తాదే?"